దూరప్రయాణపు పెద్ద తెరచాప పడవను అంచనా వేయడం ఎలా: కాగితం మీది అంకెల నుంచి సముద్రం మీది పరీక్ష దాకా

పెద్ద తెరచాప పడవను కొనడానికి చూడబోయినవారిలో చాలామంది ముందుగా మెట్లు దిగి లోపలి గదులు, వంటగట్టు, పరుపులు చూస్తారు. రేవులో కట్టేసి ఉన్న పడవ ఇల్లులాగే ఉంటుంది, ఇంటి బాగోగులు చూడటం అందరికీ వచ్చు. కానీ ఆ పడవ ఎందుకోసం తయారైందో ఆ పని రేవులో కనిపించదు. ఎదురుగాలి 25 నాట్లకు (నాటు అంటే గంటకు ఒక నాటికల్ మైలు, సుమారు 1.85 కిలోమీటర్లు) పెరిగి, మూడు రాత్రులుగా సరిగా నిద్రలేని ఇద్దరు మనుషులు తెరచాప కుదించాల్సి వచ్చినప్పుడు దాని అసలు స్వభావం బయటపడుతుంది. కొనేముందే ఆ స్వభావాన్ని వీలైనంతవరకు పసిగట్టే పద్ధతిని ఇక్కడ అడుగడుగునా వివరిస్తున్నాను.

ఇది 13 నుంచి 18 మీటర్ల పొడవుతో, ఒకే హల్‌తో, ఇద్దరు ముగ్గురు మనుషులు మహాసముద్రాలు దాటడానికి ఉద్దేశించిన పడవల గురించి మాత్రమే. హల్ అంటే నీటిలో తేలే పడవ దేహం. రెండు దేహాలుండే కాటమరాన్ల లెక్కలు వేరు, వాటి జోలికి పోవడం లేదు. పడవ ముందు కొసకు అణియం అనీ, వెనుక కొసకు అమరం అనీ తెలుగులో పాత మాటలున్నాయి. ఇక్కడ వాటినే వాడుతున్నాను.

మొదటి అడుగు: నిజమైన బరువు కట్టండి

కరపత్రంలో అచ్చువేసే బరువు దాదాపు ఎప్పుడూ ఖాళీ పడవ బరువే. తొట్లలో నీళ్లుండవు, డీజిల్ ఉండదు, లంగరు గొలుసు కూడా ఉండకపోవచ్చు. ఆ అంకెతో కట్టిన నిష్పత్తులన్నీ ఎవరూ ఎన్నడూ నడపని ఒక పడవను వర్ణిస్తాయి. కాబట్టి మిగిలిన ఏ లెక్కకైనా ముందు ఈ పని పూర్తిచేయాలి.

ఒక ఊహాత్మక పడవను ఉదాహరణగా తీసుకుందాం. మొత్తం పొడవు 15.5 మీటర్లు, నీటిరేఖ వద్ద పొడవు 14 మీటర్లు, వెడల్పు 4.6 మీటర్లు, తెరచాపల విస్తీర్ణం 120 చదరపు మీటర్లు, కరపత్రంలో బరువు 16 టన్నులు. ఇప్పుడు దాన్ని ప్రయాణానికి సిద్ధం చేద్దాం. 1000 లీటర్ల మంచినీళ్లు 1000 కిలోలు. 800 లీటర్ల డీజిల్ సుమారు 670 కిలోలు. 12 మిల్లీమీటర్ల గొలుసు 100 మీటర్లు, దానికి రెండు లంగర్లు కలిపి 400 కిలోలు. అదనపు బ్యాటరీలు, సోలార్ పలకలు, వాటి చట్రం, జనరేటర్, ఉప్పునీటిని మంచినీరు చేసే యంత్రం కలిసి 700 కిలోలు. చిన్న రబ్బరు పడవ, దాని మోటారు, ప్రాణరక్షక తెప్ప 250 కిలోలు. ముగ్గురు మనుషులు, వారి సామాన్లు 300 కిలోలు. తిండి, విడిభాగాలు, పనిముట్లు, అదనపు తెరచాపలు, తాళ్లు 700 కిలోలు. మొత్తం 4 టన్నులు దాటింది. ఇందులో విలాసవస్తువు ఒక్కటీ లేదు.

అంటే పడవ 16 టన్నులది కాదు, 20 టన్నులది. ఈ పరిమాణపు పడవ ఒక సెంటీమీటరు మునగడానికి సుమారు 400 కిలోల బరువు కావాలి కనుక, రూపకర్త గీసిన నీటిరేఖ కంటే ఇది దాదాపు 10 సెంటీమీటర్ల లోతున తేలుతుంది. వాడిన పడవను చూస్తున్నప్పుడు నీటిరేఖ రంగు పట్టీని ఎక్కడికి జరిపి పూశారో గమనించండి. ఇంతకుముందు యజమాని ఎంత సరంజామా మోశాడో ఆ పట్టీ చెప్పేస్తుంది. అణియం వైపు, అమరం వైపు సమానంగా మునిగిందా లేదా అనేది కూడా అక్కడే తెలుస్తుంది. గొలుసంతా అణియంలోనే ఉండి ముక్కు కిందికి వాలిన పడవ ఎదురు అలల్లో కుంగి లేస్తూ వేగాన్ని పోగొట్టుకుంటుంది.

రెండో అడుగు: నిష్పత్తులను రెండుసార్లు కట్టండి

తయారీదారు చెప్పిన బరువుతో ఒకసారి, మీరు కట్టిన బరువుతో ఒకసారి లెక్కించండి. రెండు ఫలితాల మధ్య తేడాయే ఇక్కడ అసలు సమాచారం.

హల్ వేగంతో మొదలుపెడదాం. నీటిరేఖ పొడవును మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 2.43తో గుణిస్తే నాట్లలో ఆ వేగం వస్తుంది. మన పడవకు ఇది సుమారు 9.1 నాట్లు. పడవ లేపే అల పొడవు, దాని నీటిరేఖ పొడవుతో సమానమయ్యే వేగం ఇదే. అంతకు మించి పోవాలంటే పడవ తన సొంత అలను తానే ఎక్కాల్సి వస్తుంది. విలియం ఫ్రౌడ్ అనే ఇంజినీరు 1870లలో ఇంగ్లండ్‌లోని టార్కీలో నమూనా పడవలను నీటి తొట్టిలో లాగి, అలల నిరోధానికీ పొడవుకూ ఉన్న ఈ సంబంధాన్ని తేల్చాడు. ఇది దాటరాని గోడేమీ కాదు, తేలికైన పడవలు గాలివాటున దీన్ని దాటిపోతాయి. అయితే బరువైన దూరప్రయాణపు పడవకు రోజంతటి సగటు 6.5 నుంచి 7 నాట్లు వస్తే చాలు. 24 గంటల్లో 156 నుంచి 168 నాటికల్ మైళ్లు నడిచినట్టే. ఈ తరహా పడవలో రోజూ 200 మైళ్లని ఎవరైనా హామీ ఇస్తే, ఎంత బరువుతో, ఏ గాలిలో అని తప్పకుండా అడగండి.

తరువాతిది బరువుకూ పొడవుకూ ఉన్న నిష్పత్తి. టన్నుల్లో బరువును 27,869తో గుణించి, నీటిరేఖ పొడవు ఘనంతో భాగించాలి. 100 నుంచి 200 వరకు తేలిక పడవలు, 200 నుంచి 300 వరకు మధ్యస్థం, 300 దాటితే బరువైనవి. మన పడవ ఖాళీగా 163, నిండుగా 203. అంటే కొనేటప్పుడు తేలిక తరగతిలో ఉన్నది, బయలుదేరేటప్పటికి మధ్యస్థ తరగతికి చేరింది. తేలిక పడవకు సరంజామా మోయడం ఎప్పుడూ పెద్ద శిక్షే. 12 టన్నుల పడవకు 4 టన్నులు కలిస్తే మూడో వంతు బరువు పెరుగుతుంది, 24 టన్నుల దానికి అదే 4 టన్నులు ఆరో వంతు మాత్రమే. బరువైన పాత పడవలను ఇష్టపడేవారి వాదనలో ఉన్న నిజం ఇంతవరకే. తేలికగాలిలో అవి కదలవన్న మాట కూడా అంతే నిజం.

మూడోది తెరచాపకూ బరువుకూ ఉన్న నిష్పత్తి. టన్నుల బరువును 1.025తో భాగిస్తే పడవ తొలగించే సముద్రపు నీరు ఘన మీటర్లలో వస్తుంది. దాని ఘనమూలాన్ని వర్గం చేసి, ఆ ఫలితంతో చదరపు మీటర్లలో ఉన్న తెరచాప విస్తీర్ణాన్ని భాగించాలి. 16 నుంచి 18 మధ్య వస్తే మహాసముద్రపు పడవకు మామూలు అంకె, 20 చేరితే చురుకైనది, 15 కంటే తగ్గితే తేలికగాలిలో ఇంజిన్ మీదే ఆధారపడాలి. మన పడవ ఖాళీగా 19.2, నిండుగా 16.6. కరపత్రంలో ఉరకలేసే పడవ, సముద్రంలో నిదానస్తురాలు. ఇక్కడ ఒక మోసం జరుగుతుంటుంది. విస్తీర్ణం కింద మాస్ట్ (తెరచాప కొయ్య) దాటి వెనుకనున్న మెయిన్ తెరచాప మీదికి వచ్చే పెద్ద ముందు తెరచాపను, అంటే జెనోవాను, కలిపి రాస్తారు. పోల్చేటప్పుడు మెయిన్ తెరచాపనూ, మాస్ట్‌కూ దాన్ని అణియానికి బిగించే ముందు తీగకూ మధ్య ఉన్న త్రికోణాన్నీ మాత్రమే లెక్కించాలి. మాస్ట్ లోపలికి చుట్టుకుపోయే మెయిన్ తెరచాప అయితే దాని వెనుక అంచుకు బయటికి పొంగే వంపు ఉండదు కనుక, విస్తీర్ణం మరికొంత తగ్గించి వేసుకోండి.

టెడ్ బ్రూవర్ అనే నౌకారూపకర్త ప్రతిపాదించిన సౌఖ్య నిష్పత్తి కూడా ఒకటుంది. పౌండ్లలో బరువును, అడుగుల్లో పొడవు వెడల్పులతో కట్టిన ఒక రాశితో భాగిస్తారు. 30 నుంచి 40 మధ్య ఉంటే మధ్యస్థ మహాసముద్ర పడవ అంటారు. మన పడవకు ఖాళీగా 31, నిండుగా 38 వస్తాయి. చూశారా, ఈ ఒక్క అంకె బరువుతో మెరుగుపడింది. బ్రూవర్ దీన్ని సగం పరిహాసంగానే కట్టానని చెప్పుకున్నాడు. కాబట్టి దీన్ని ఒకే పొడవున్న రెండు పడవలను పోల్చడానికి వాడండి, అంతకు మించి నమ్మవద్దు.

మూడో అడుగు: స్థిరత్వపు గీతను అడిగి తీసుకోండి

ఈ అడుగు దగ్గర తొందరపడకూడదు. ఒరిగిన ప్రతి కోణం దగ్గరా పడవను మళ్లీ నిలబెట్టే లివర్ (మీట పొడవు) ఎంత ఉందో చూపే గీతను రూపకర్త గీసే ఉంటాడు. ఆ గీత సున్నాకు దిగే కోణాన్ని స్థిరత్వం అంతమయ్యే కోణం అంటారు. పడవ అంతకంటే ఎక్కువ ఒరిగితే తలకిందులుగానే స్థిరపడుతుంది. గీతలో మూడు విషయాలు చూడాలి. మొదటి 25 డిగ్రీల్లో వాలు ఎంత నిటారుగా ఉందో చూస్తే తెరచాప మోసే బలం తెలుస్తుంది. సున్నాకు దిగే కోణం ఎంతో చూడాలి. ఆ తరువాత సున్నాకు కిందనున్న భాగం పైభాగంతో పోలిస్తే ఎంత చిన్నదో చూడాలి. కింది భాగం చిన్నదైతే తలకిందులైన పడవను తరువాతి పెద్ద అల మళ్లీ తిప్పేస్తుంది. పెద్దదైతే ఆ అల కోసం చాలాసేపు ఎదురుచూడాల్సి వస్తుంది.

1979 ఆగస్టులో ఫాస్ట్‌నెట్ రేసులో బయలుదేరిన 303 పడవల మీద తుపాను విరుచుకుపడి, 15 మంది పోటీదారులు చనిపోయారు. తలకిందులైన పడవలు ఎందుకు లేవలేదన్న ప్రశ్న ఆ తరువాతే రూపకర్తలను గట్టిగా పట్టుకుంది. కాంటెస్సా 32 రకానికి చెందిన అసెంట్ అనే ఇరుకైన, లోతైన పడవ, అన్నిటికంటే చిన్న తరగతిలో ఆ పోటీని పూర్తిచేసిన ఒకే ఒక్క పడవగా నిలిచింది. అప్పటి విచారణల నుంచే ఒక సులభమైన సూత్రం పుట్టింది. వెడల్పును, తొలగించిన నీటి ఘనపరిమాణపు ఘనమూలంతో భాగిస్తే 2 కంటే తక్కువ రావాలి. మన పడవకు ఖాళీగా 1.84, నిండుగా 1.71.

బాగుంది కదా అని అక్కడితో ఆగకూడదు. ఈ సూత్రానికి బరువు ఎంతో తెలుసు, ఎక్కడుందో తెలియదు. సీసాన్ని కీల్ (పడవ అడుగున దిగే బరువైన రెక్క) అడుగున పోసినా, మాస్ట్ కొసన వేలాడదీసినా దీని అంకె మారదు. ఎత్తున ఉన్న బరువు చేసే హాని ఎంతో ఒక చిన్న లెక్కతో చూడవచ్చు. పడవ గురుత్వకేంద్రానికి 15 మీటర్ల ఎత్తున 30 కిలోలు చేర్చితే 450 కిలోగ్రామ్-మీటర్ల భ్రామకం ఏర్పడుతుంది. గురుత్వకేంద్రానికి 1.5 మీటర్ల దిగువన ఉన్న 300 కిలోల సీసం చేసే మేలును అది పూర్తిగా తినేస్తుంది. రాడార్, చుట్టుకునే తెరచాపల యంత్రాంగం, అమరం మీది చట్రానికి బిగించిన సోలార్ పలకలు, డెక్ మీద పడుకోబెట్టిన రబ్బరు పడవ, ఇవన్నీ ఒక్కొక్కటిగా చూస్తే చిన్నవే. ఆ గీత మాత్రం వీటి కలయికతో కిందికి జారుతుంది. బ్యాలస్ట్ (పడవను నిలబెట్టేందుకు అడుగున పెట్టే సీసపు బరువు) శాతం సంగతీ ఇంతే. 5.6 టన్నుల బ్యాలస్ట్ ఖాళీ పడవలో 35 శాతం, నిండు పడవలో 28 శాతం. ఆ సీసం కీల్ అడుగు కొసన ఉండే లోతైన బల్బులో ఉందా, లోతు తక్కువ కీల్ అంతటా పరుచుకుని ఉందా అన్నది శాతం కంటే ముఖ్యం.

ఐఎస్ఓ 12217 ప్రమాణం రెండో భాగం తెరచాప పడవలను ఎ, బి, సి, డి అని వర్గీకరిస్తుంది. బోఫోర్ట్ గాలి కొలమానంలో 8వ స్థాయికి మించిన గాలి, 4 మీటర్లకు మించిన అలలు ఎదురయ్యే మహాసముద్రాలకు ఎ వర్గం. ఈ వర్గానికి స్టిక్స్ అనే స్థిరత్వ సూచిక కనీసం 32 ఉండాలి. స్థిరత్వం అంతమయ్యే కోణానికి కూడా ఒక కనీస హద్దు ఉంది. కిలోల బరువును 0.002తో గుణించి, 130 నుంచి తీసివేయాలి. ఫలితం ఎంతొచ్చినా హద్దు 100 డిగ్రీల కంటే తగ్గదు. 15 టన్నులు దాటిన ప్రతి పడవకూ ఈ లెక్క 100 దగ్గరే ఆగుతుంది. అంటే ఎ అక్షరం ముద్ర పడిన ఒక పెద్ద పడవ 100 డిగ్రీలకు, మరొకటి 130 డిగ్రీలకు ఉండవచ్చు. ముద్ర చూసి రెండూ ఒకటే అనుకోకూడదు. నిండు బరువుతో 120 డిగ్రీలకు తగ్గిన పడవను అధిక అక్షాంశాలకు తీసుకుపోవడానికి నేను ఒప్పుకోను. ఇది నా హద్దు మాత్రమే, ప్రమాణం అడిగేది కాదు. గీత ఇవ్వడానికి అమ్మేవారు నసిగితే, అదే సమాధానమని తీసుకోండి.

నాలుగో అడుగు: నీటి నుంచి పైకి తీయించి కింద నడవండి

పడవను గట్టు మీదికి ఎత్తించి, అణియం నుంచి అమరం దాకా దాని కింద నెమ్మదిగా నడవండి. ముందు మూడో వంతు అడుగు చదునుగా ఉందా, వి ఆకారంలో ఉందా? చదునైన అడుగు ఎదురు అలల మీద చాచి కొట్టినట్టు పడుతుంది. ఆ దెబ్బలకు లోపల నిద్ర పట్టదు, వేగమూ నిలవదు. తరువాత అమరం వైపు వెళ్లండి. గరిష్ఠ వెడల్పును చివరిదాకా లాక్కొచ్చిన అమరం గాలివాటున స్థిరంగా పరుగెడుతుంది, వెనుక గదులను విశాలం చేస్తుంది. కానీ ఒరిగినప్పుడు ఆ వెడల్పు వల్ల అమరం పైకి లేచి అణియం కుంగుతుంది. చుక్కాని నీటిలోంచి కొంత బయటికి వస్తుంది.

ఆ అనుభవం ఒకసారి నాకు చేతులతో తెలిసింది. ఒక విశాలమైన అమరం ఉన్న పడవను 18 నాట్ల గాలిలో నడుపుతుండగా 24 నాట్ల గాలిపోటు ఒకటి వచ్చింది. పడవ 28 డిగ్రీలకు ఒరిగింది. అప్పటిదాకా అరచేతుల్లో బరువుగా కొట్టుకుంటున్న చుక్కాని చక్రం ఉన్నట్టుండి తేలికైపోయింది. ఎంత తిప్పినా ఏమీ తగలలేదు. అమరం కింద గాలి పీల్చిన చప్పుడు ఒకటి వినిపించింది. మరుక్షణం పడవ తనంతట తానే గాలికి ఎదురు తిరిగి, తెరచాపలు టపటపా కొట్టుకుంటూ నిలబడిపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు. వెనుక మరో పడవ ఉండి ఉంటే అలా ముగిసేది కాదు. ఇలాంటి అమరానికి రెండు చుక్కానులు పెడితే గాలి పోయే వైపు చుక్కాని ఎప్పుడూ నీటిలోనే ఉంటుంది. అయితే రెంటికీ ముందు కీల్ కాపు ఉండదు, పైగా ప్రొపెల్లర్ నీటి ధార తగలదు కనుక రేవులో నిదానంగా తిప్పడం కష్టమవుతుంది.

కీల్ విషయంలో పొడవాటి కీల్ దారి తప్పకుండా నడుస్తుంది, నేల తగిలినా ఓర్చుకుంటుంది, కానీ టాక్ చేయడంలో, అంటే అణియాన్ని గాలి వచ్చే దిక్కు మీదుగా తిప్పి పక్క మార్చడంలో, మందకొడి. లోతైన సన్నని కీల్ గాలికెదురుగా బాగా ఎక్కుతుంది, అతుకు దగ్గర మాత్రం అపారమైన ఒత్తిడిని మోస్తుంది. 2014 మేలో ఉత్తర అట్లాంటిక్‌లో చీకీ రఫీకీ అనే పడవ కీల్ ఊడిపోయి నలుగురు గల్లంతయ్యారు. అంతకుముందు నేల తగిలిన ఘటనలు, వాటి మరమ్మతులు అడుగు నిర్మాణాన్ని బలహీనపరిచి ఉండవచ్చని బ్రిటన్ సముద్ర ప్రమాదాల దర్యాప్తు సంస్థ తన నివేదికలో చెప్పింది. కాబట్టి కీల్‌కూ హల్‌కూ మధ్య అతుకు చుట్టూ గోటితో గీకి చూడండి. సన్నని పగులు, తుప్పు చార, కొత్తగా పూసిన పుట్టీ కనిపిస్తే కారణం అడగండి. లోపల నేలపలకలు ఎత్తి కీల్ బోల్టుల చుట్టూ, అడ్డదూలాలు హల్‌కు అతుక్కున్న అంచుల వెంట టార్చి వేసి చూడండి. అడుగు చట్రాన్ని జిగురుతో మాత్రమే అతికించిన పడవల్లో ఆ జిగురు విడిపోయిందా అన్నది నిపుణుడి చేత తేల్చుకోవాల్సిన విషయం.

ఐదో అడుగు: తెరచాపల అమరికను అలసిన మనిషి కళ్లతో చూడండి

పొడవు రెట్టింపైతే, ఆకారం మారకపోతే, తెరచాపలు ఒరగదీసే బలం 8 రెట్లు, పడవ నిలదొక్కుకునే బలం 16 రెట్లు పెరుగుతాయి. పెద్ద పడవ గట్టిగా నిలబడటానికి కారణమిదే. ఆ నిలదొక్కుకునే బలమంతా తాళ్ల మీదా, వాటిని చుట్టి లాగే వించ్‌ల మీదా, చివరికి మనిషి చేతుల మీదా పడుతుంది. పడవ పెరిగింది కానీ మనిషి పెరగలేదు.

అందుకే ప్రతి తెరచాపకూ ఒక ప్రశ్న వేయండి: కరెంటు పోతే ఒక్క మనిషి దీన్ని దించగలడా? మోటారు వించ్‌లు అలవాటైతే వదలబుద్ధి కాదు, కానీ వాటి పిడి ఎక్కడుందో, చేత్తో తిప్పితే ఎన్ని చుట్లకు తాడు ఎంత వస్తుందో స్వయంగా తిప్పి చూడాలి. ఒకే మాస్ట్, ఒకే ముందు తెరచాప ఉన్న స్లూప్ గాలికెదురుగా మెరుగ్గా నడుస్తుంది. రెండు ముందు తెరచాపలున్న కట్టర్ తుపానుగాలిలో చిన్న లోపలి తెరచాపకు దిగిపోయే వెసులుబాటునిస్తుంది. రెండు మాస్ట్‌ల కెచ్ తెరచాపలను చిన్న ముక్కలుగా పంచుతుంది, బదులుగా తీగలూ ఖర్చూ రెట్టింపవుతాయి. ఇద్దరే నడిపే 15 మీటర్ల పడవకు నా మొగ్గు కట్టర్ వైపు.

డెక్ మీదా లోపలా చూడాల్సినవి త్వరగా ముగించవచ్చు. చక్రం దగ్గర నుంచి లేవకుండా తెరచాపను లాగి వదిలే షీటు తాడు అందాలి. పక్కదారుల్లో నడుస్తుంటే చేతికి ఎప్పుడూ ఏదో ఒక పట్టు దొరకాలి. లోపలి హాలు ఎంత విశాలంగా ఉంటే ఒరిగినప్పుడు మనిషి అంత దూరం ఎగిరిపడతాడు, కనుక అక్కడ విశాలత దోషమే. నడిమి భాగంలో, పడవ పొడవునా ఉండే ఇరుకైన పడక రెండయినా లేకపోతే, అమరంలో రాణిగారి మంచం ఎంత అందంగా ఉన్నా సముద్రంలో ఎవరూ దాని మీద నిద్రపోలేరు.

ఆరో అడుగు: సముద్రం మీద పరీక్షించండి

కనీసం నాలుగు గంటలు, 15 నాట్లకు తగ్గని గాలి ఉన్న రోజున అడగండి. 8 నాట్ల గాలిలో అన్ని పడవలూ మర్యాదస్తులే. తొట్లు నింపి ఉంచమని ముందుగానే చెప్పండి.

బయలుదేరగానే వేగం చూపే పరికరాన్ని సరిచూడాలి. ఇంజిన్ మీద స్థిరమైన వేగంతో ఒక దిక్కున, వెంటనే సరిగ్గా ఎదురు దిక్కున నడిపి, జీపీఎస్ వేగాల సగటు తీస్తే ప్రవాహం ప్రభావం పోతుంది. పరికరం ఎంత తప్పు చూపుతోందో తెలిసిన తరువాతే మిగతా కొలతలకు విలువ.

ఆపైన ఎదురుగాలికి ఎక్కించండి. ఇక్కడ చూడాల్సింది వేగం ఒక్కటే కాదు, గాలి వచ్చే దిక్కుకు పడవ ఎంత చేరువవుతోందన్నది. వేగాన్ని గాలితో చేసే కోణపు కొసైన్‌తో గుణిస్తే అది వస్తుంది. 40 డిగ్రీల్లో 5.8 నాట్లు నడిస్తే లాభం 4.4 నాట్లు. 45 డిగ్రీల్లో 6.5 అయితే 4.6. 52 డిగ్రీల్లో 7.2 అయితే మళ్లీ 4.4. అంటే మరీ ఇరికించినా, మరీ వదిలినా నష్టమే. ఈ పడవకు తగిన కోణం నడుమ ఎక్కడో ఉంది, మూడు నాలుగు కోణాల్లో చెరో ఐదు నిమిషాలు నడిపి అదెక్కడో రాసుకోండి. అయితే పడవ ముక్కు చూపే దిక్కుకూ జీపీఎస్ చూపే దారికీ ప్రవాహం లేని చోట 5 డిగ్రీల తేడా ఉంటే పడవ అంత మేరకు పక్కకు జారుతోందని అర్థం. 45 డిగ్రీల్లోని 4.6 నాట్ల లాభం అప్పుడు 4.2కు పడిపోతుంది. లోతు తక్కువ కీల్ ఉన్న పడవలు ఓడిపోయేది ఇక్కడే.

చుక్కాని కోణాన్ని గమనించండి. పడవ గాలివైపు తిరగబోవడం కొంత మంచిదే, చేయి వదిలితే అది గాలికి ఎదురుగా ఆగిపోతుంది. 3 నుంచి 5 డిగ్రీల చుక్కానితో దారి నిలిస్తే సమతుల్యం బాగున్నట్టు. 10 డిగ్రీలు కావాల్సి వస్తే చుక్కాని బ్రేకులా పనిచేస్తోంది. అప్పుడు ఒక రీఫ్ కట్టించి, అంటే తెరచాపను కొంత కుదించి, మళ్లీ చూడండి. రీఫ్ కట్టాక వేగం తగ్గకుండా చుక్కాని తేలికైతే తప్పు నడిపినవారిది, అప్పటికీ బరువుగానే ఉంటే తప్పు రూపకల్పనలోనో, సాగిపోయిన తెరచాపలోనో ఉంది. తెరచాప మార్చుకోవచ్చు, రూపకల్పనను మార్చుకోలేం.

రీఫ్ కట్టే పని మీరే చేయండి, గడియారం చూసుకుని చేయండి. అమ్మేవారి సరంగు రెండు నిమిషాల్లో చేసేస్తాడు, అతనికి అది రోజూ చేసే పని.

గాలివాటుకు తిప్పినప్పుడు ఒక భ్రమ కలుగుతుంది. అసలు గాలి 15 నాట్లున్నప్పుడు 45 డిగ్రీల కోణంలో 7 నాట్లతో ఎక్కుతున్న పడవ డెక్ మీద తగిలే గాలి 20.6 నాట్లు. అదే గాలిలో, అదే వేగంతో సూటిగా గాలివాటున పోతుంటే తగిలేది 8 నాట్లే. గాలి ఒత్తిడి దాని వేగపు వర్గంతో పెరుగుతుంది కనుక రెంటి మధ్యా తేడా ఆరు రెట్లకు పైమాటే. అంతా ప్రశాంతంగా ఉందనిపించే ఈ దశలోనే ఆటోపైలట్‌ను పరీక్షించాలి. అలలు వెనుక మూల నుంచి వచ్చేలా దిక్కు పెట్టి, పావుగంట దానికి అప్పగించి, అది దారికి అటూ ఇటూ ఎన్ని డిగ్రీలు ఊగుతోందో చూడండి. సుదీర్ఘ ప్రయాణంలో చుక్కాని పట్టేది ఎక్కువ గంటలు ఆటోపైలటే. దాన్ని ఆయాసపెట్టే పడవ బ్యాటరీలనూ ఖాళీ చేస్తుంది.

హీవ్ టు, అంటే సముద్రం మధ్యలో పడవను దాదాపు ఆపి ఉంచడం, చేయించడం మరచిపోవద్దు. ముందు తెరచాపను గాలి వచ్చే వైపుకు లాగి, మెయిన్ తెరచాపను సడలించి, చుక్కానిని గాలివైపు తిప్పి కట్టేస్తే మంచి పడవ గాలికి 50 డిగ్రీల దరిదాపుల్లో తలవంచి, ఒకటి రెండు నాట్ల వేగంతో నెమ్మదిగా జారుతూ శాంతిస్తుంది. లోతైన సన్నని కీల్ ఉన్న పడవలు కొన్ని ఇందుకు మొరాయిస్తాయి, వాటికి వేరే కూర్పు వెతకాలి. ఆ జారుడు ఎంతో కొలవండి. తుపానులో వంట చేసుకునేది, గాయానికి కట్టు కట్టేది, నిద్రపోయేది ఆ స్థితిలోనే.

రూపకర్త ఇచ్చిన పోలార్ పట్టిక, అంటే ఏ గాలిలో ఏ కోణానికి ఎంత వేగమో చూపే పట్టిక, మీ దగ్గరుంటే దాన్ని ఇప్పుడు తెరవండి. అది నునుపైన నీటికీ, కొత్త తెరచాపలకూ, శుభ్రమైన అడుగుకూ కంప్యూటర్ కట్టిన లెక్క. మీరు కొలిచిన వేగాలు దానిలో 85 శాతానికి పైన ఉంటే నేను సంతృప్తి పడతాను. ఏదో ఒక కోణంలో మాత్రమే బాగా తగ్గితే తెరచాపను అనుమానించాలి. అన్ని కోణాల్లోనూ ఒకేలా తగ్గితే బరువును లేదా నాచు పట్టిన అడుగును అనుమానించాలి.

తిరుగు దారిలో చక్రం వేరొకరికి అప్పగించి కిందికి వెళ్లండి. పడవ 20 డిగ్రీలు ఒరిగి ఉండగా స్టవ్ మీద నీళ్లు కాచి చూడండి, మరుగుదొడ్డి తలుపు తెరిచి మూయండి, గాలి పోయే వైపు పడక మీద పది నిమిషాలు కళ్లు మూసుకుని పడుకోండి. మూసిన తలుపు ఒరిగినప్పుడు తెరుచుకోకపోతే హల్ మెలిపడుతోందని అర్థం. చెక్క గోడలు కిర్రుమంటుంటే ఎక్కడ నుంచో చెవి పెట్టి గుర్తు వేసుకోండి. రేవుకు చేరి తాళ్లు కట్టేశాక, ఎవరూ దిగకముందే నేలపలకలు మరోసారి ఎత్తి టార్చి వేయండి. ఉదయం పొడిగా ఉన్న కీల్ బోల్టుల చుట్టూ ఇప్పుడు తడి కనిపిస్తే, వేలికి అద్దుకుని రుచి చూడండి. చప్పగా ఉంటే తొట్టి కారుతోంది, బేరమాడుకోవచ్చు. ఉప్పగా ఉంటే ఆ పడవను మళ్లీ గట్టు మీదికి ఎత్తించి నిపుణుడికి చూపించేదాకా డబ్బు చేతులు మారకూడదు.